అద్దకం భాను సాకిన సముద్రపు పువ్వు

భాను మోచేతి దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, పొడవాటి పటకారు కొనకు రొయ్య ముక్క పట్టించి, గాజు తొట్టిలోకి నెమ్మదిగా దించింది. ముక్క గోరంత ఉంది. అంతకన్నా పెద్దది పెడితే పువ్వు మింగుతుంది గానీ తర్వాత కక్కేస్తుంది, కక్కింది కుళ్ళి నీళ్లు పాడవుతాయి. రాతి సందులో కూర్చున్న పువ్వు చుట్టూ వేళ్ల లాంటి తీగలు ఆడుతున్నాయి. ముక్క తగలగానే ఒక తీగ దాన్ని పట్టుకుంది. పక్క తీగలు వంగి వచ్చాయి. అన్నీ కలిసి ముక్కను నడిమధ్యనున్న నోటి వైపు జరుపుకున్నాయి. నారింజ రంగు చేప ఒకటి మధ్యలో దూరి ఎత్తుకుపోబోతే భాను రెండో చేతిలోని పుల్లతో అడ్డం పెట్టింది. ముక్క లోపలికి పోయి నోరు మూసుకున్నాకే చేయి బయటికి తీసింది.

"నాకు ఒక దినమన్నా ఇట్లా నోటికి అందిచ్చినావా భానమ్మా?" అన్నాడు వాకిట్లో నిలబడి చూస్తున్న పుల్లన్న. భాను తండ్రి కాలం నుంచి ఆ అద్దకం షెడ్డులో పనిచేస్తున్న మనిషి అతను.

"నువ్వయితే అడిగి తింటావు. అది అడగలేదు కదప్పా," అంది భాను.

ఆ తొడుగు లేకుండా ఆమె ఆ నీళ్లలో చేయి పెట్టదు. అద్దకం చేసేవాళ్ల గోళ్ల కింద రంగు పూర్తిగా ఎప్పటికీ పోదు. ఎంత తోమినా ఎక్కడో ఒక చార మిగిలే ఉంటుంది, ఆ చారకు కూడా అది ఓర్చదు. పేరుకు పువ్వే గానీ అది జంతువు, సీ అనిమోన్ అంటారు. అడుగున మెత్తటి పాదం ఒకటి ఉంటుంది, దాంతో రాయిని కరుచుకుని కూర్చుంటుంది. నచ్చకపోతే మెల్లగా పాకి ఇంకో చోటికి పోతుంది. వెలుతురు కావాలి, ఉప్పు నీళ్లు కావాలి, ఆ ఉప్పు ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. సముద్రం ఎట్లుంటుందో చూడని భాను, ధర్మవరంలో, మగ్గాల చప్పుడు ఆగని వీధిలో, షెడ్డు వెనక గదిలో దాన్ని సాకుతూ ఉంది.

భాను తండ్రి షంషుద్దీన్ పట్టు నూలుకు రంగులద్దేవాడు. కూతుర్ని నల్లచెరువు అనే ఊళ్లో ఇచ్చాడు. అక్కడి కాపురం నిలబడలేదు. భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడని తెలిసిన వారంలో భాను ఒక సంచీతో పుట్టింటికి వచ్చేసింది. తండ్రి ఏమీ అడగలేదు. మరునాడు పొద్దున చిలపలు, అంటే నూలు కట్టలు, రంగులో తిప్పే కట్టె ఆమె చేతికిచ్చి, ముందు నీళ్లు చూడమన్నాడు. అద్దకంలో మొదటి పని అదే. బోరు నీళ్లు గడుసైతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఏ వీధి బోరు నీళ్లు ఎట్లాంటివో సబ్బు నురుగు చూసి, నాలుక మీద చుక్క వేసుకుని చెప్పడం ఆమె అప్పుడే నేర్చుకుంది. తండ్రి పోయినాక షెడ్డు ఆమెదయింది. నేతగాళ్లు నూలు తెచ్చి ఇచ్చి, ఏ రంగో చెప్పి పోతారు. చెప్పిన రోజుకు వచ్చి తీసుకుపోతారు. వచ్చినవాళ్లు నూలు గురించి మాట్లాడతారు. భాను గురించి మాట్లాడే పని వాళ్లకు లేదు.

పల్లవి, ఆమె భర్త అరుణ్ పైన వాటాలోకి అద్దెకు దిగింది ఆ రోజుల్లోనే. అరుణ్‌కు రైల్వేలో ఉద్యోగం. ఇద్దరిదీ భీమిలి. సామానుతో పాటు నలుగురు మనుషులు మోస్తే గాని కదలని గాజు తొట్టి ఒకటి వచ్చింది. పైన శ్లాబు మీద అంత బరువు పెట్టొద్దని భాను తల్లి షంషాద్‌బీ ఖండితంగా చెప్పింది. కింద షెడ్డు వెనక గది ఖాళీగానే ఉంది, అక్కడ పెట్టుకోమంది భాను. అరుణ్ బెంగళూరు నుంచి పువ్వును, దానికి తోడు చేపను తెచ్చి అందులో వదిలాడు.

తొట్టి కింద ఉండబట్టి పల్లవి రోజూ కిందికి వచ్చేది. మొదట తొట్టి కోసం వచ్చేది. తర్వాత షెడ్డులో గంగాళం పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఉడుకు నీళ్లలో తెల్లటి పట్టు మెల్లగా నెమలికంఠం రంగుకు తిరుగుతుంటే కళ్లప్పగించి చూసేది. చిలపలు పిండేటప్పుడు రెండో కొస పట్టుకునేది. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్తూనే ఉండేది. భీమిలిలో అల వెనక్కి పోయినప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో ఇట్లాంటి పువ్వులే ఉంటాయని, చిన్నప్పుడు వేలు పెడితే మెత్తగా చప్పరించేవని చెప్పింది. ప్రతి మాటకూ ముందు ఆమె "ఏటక్కా" అనేది. భాను దాన్ని వెక్కిరించేది. పల్లవి "యాడ, ఈడ" అని తిరిగి వెక్కిరించేది. భాను అంతగా నవ్వడం షంషాద్‌బీ చాలా ఏళ్లకు విన్నది.

తొట్టి పని అరుణ్ నేర్పాడు. వంట ఉప్పు కాదు, దానికోసం వేరే ఉప్పు పొడి ఉంటుంది. దాన్ని ఫిల్టరు నీళ్లలో కలిపి, ఒక రోజు గాలి బుడగలు పట్టించి, నీళ్లు తేటపడ్డాక వాడాలి. ఉప్పు ఎంతుందో చూసే గాజు గొట్టం ఒకటి ఇచ్చాడు. తొట్టిలో నీళ్లు ఆవిరైతే మాత్రం ఉప్పు నీళ్లు పోయకూడదు, మంచినీళ్లే పోయాలి అన్నాడు. అది ఎందుకో అతను వివరించబోతే భాను అక్కర్లేదంది. గంగాళంలో నీళ్లు మరిగి తగ్గినా రంగు తగ్గదు, చిక్కబడుతుంది. ఇదీ అంతే కదా అంది.

తర్వాత అరుణ్‌కు హిందూపురం బదిలీ అయింది. అక్కడ దొరికిన ఇల్లు రెండో అంతస్తులో. తొట్టి మాట ఎత్తగానే ఇంటాయన ఒప్పుకోలేదు. కింద వాటా ఉన్న ఇల్లు దొరికేదాకా పువ్వును నీ దగ్గరే పెట్టుకో అక్కా అని పల్లవి అడిగింది. భాను సరేనంది. అడగకపోయినా తనే అడిగి ఉండేది.

హిందూపురం ఎంత దూరమని. ధర్మవరంలో రైలెక్కితే పెనుకొండ, పెనుకొండ దాటితే హిందూపురం. పొద్దున పోయి సందేళకు రావచ్చు. దూరదేశం పోయిన మనిషి రాకపోతే దూరమని సరిపెట్టుకోవచ్చు. ఇంత దగ్గరున్న మనిషి రాకపోతే దేన్ని అనుకోవాలో భానుకు తెలిసేది కాదు. మొదట్లో పల్లవి ప్రతి ఆదివారం వచ్చింది. తర్వాత అక్కడ బడిలో టీచరుగా చేరింది. రావడం తగ్గింది, ఆ తర్వాత ఆగింది. భాను శుక్రవారం శుక్రవారం పువ్వుకు మేత పెట్టి, అది ముక్కను మింగేటప్పుడు ఫోన్లో వీడియో తీసి పంపేది. అది చూసి పల్లవి ఫోన్ చేసేది. "పువ్వెలాగుందక్కా?" అని ముందు, "నువ్వెలాగున్నావు?" అని తర్వాత. కొన్నాళ్లకు ఫోన్లు కూడా తగ్గి, వీడియో కింద ఒక ఎర్రటి గుండె బొమ్మ మాత్రం వచ్చేది. భాను ఆ బొమ్మ కోసం కూడా ఎదురుచూసేది.

ఎండాకాలం వచ్చింది. ధర్మవరం ఎండకు తొట్టి నీళ్లు వేడెక్కితే పువ్వు ఉడికిపోతుంది. భాను తొట్టి మీదికి ఫ్యాను తిప్పింది. సీసాల్లో నీళ్లు గడ్డ కట్టించి ఒకటి తీసి ఒకటి తేలేసింది. కరెంటు పోతే మోటారు ఆగకుండా బ్యాటరీ తగిలించింది. ఫ్రిజ్ నిండా సీసాలే, పెరుగు గిన్నెకు చోటు లేదని షంషాద్‌బీ గొణిగేది. మన రెక్కలు ఎండకు మాడుతున్నా ఎవరూ ఫ్యాను తిప్పలేదు, దాని యోగమే యోగం అనేది. అయినా తల్లి కూడా మధ్యాహ్నం ఆ గదిలోనే చాప పరుచుకునేది. ఇంట్లో చల్లగా ఉండే చోటు అదొక్కటే.

ఆ ఎండాకాలం పువ్వు వాడలేదు. ఇంకాస్త పెరిగింది. తీగల కొనలు బుడగల్లా ఉబ్బి, వంగపండు చాయలో మెరిసేవి. ఆ రంగును పట్టు మీదికి తేవాలని భాను రెండుసార్లు చూసింది, రాలేదు. వెలుతురు లోపల్నుంచి వచ్చే రంగు అది, నూలుకు పట్టేది కాదని వదిలేసింది.

వానలు మొదలయ్యాక ఒక రోజు పల్లవి ఫోన్ చేసింది. వీడియో పంపకుండానే చేసిన ఫోన్ అది. భాను తడి చేతులు కొంగుకు తుడుచుకుని తీసింది.

"అక్కా, ఇల్లు దొరికింది. కింద వాటాయే. అరుణ్ కొత్త తొట్టి కూడా పెట్టేశాడు, నీళ్లు తిరుగుతున్నాయి. వచ్చే నెల పువ్వుని తీసికెళ్లిపోతాం. నీకు ఈ చాకిరీ తప్పుతుంది."

"చాకిరీ ఏముండాది. మంచిదే కదా," అంది భాను.

ఫోన్ పెట్టేసి షెడ్డులోకి పోయి, ఉడుకుతున్న గంగాళంలో చిలపలు తిప్పింది. పుల్లన్న ఏదో అడిగితే వినిపించుకోలేదు.

తర్వాత ఆమెకు ఒకటే పట్టుదల వచ్చింది. పువ్వును అందరూ మెచ్చేట్టు పంపాలి. ఎన్నాళ్లు తన దగ్గరున్నా ఒక తీగ కూడా వాడలేదని పల్లవి చూడాలి. అందుకు తొట్టిలో పాత నీళ్లు బాగా తీసి, కొత్త నీళ్లు ఎక్కువగా పోయాలనుకుంది. ఉప్పు కలిపే ప్లాస్టిక్ డ్రమ్ము చూస్తే ఎండకు పగిలి కారుతోంది. కొత్తది కొనుక్కు రావచ్చు. కానీ ఇంట్లో అంతకంటే మంచి పాత్ర ఉంది కదా అనుకుంది. అది తండ్రి వాడిన రాగి గంగాళం.

పట్టు అద్దేవాళ్లకు రాగి పాత్రను మించింది లేదు. ఇనుములో అద్దితే రంగు మసకబారుతుంది. రాగిలో అద్దితే నిలకడగా నిలుస్తుంది. షంషుద్దీన్ ఆ గంగాళాన్ని లేత రంగులకు తప్ప బయటికి తీసేవాడు కాదు. భాను దాన్ని దించి, పాత రంగు ఆనవాలు కూడా మిగలకూడదని చింతపండు పెట్టి తోమింది. ఎర్రగా, కొత్త కాసులా మెరిసేదాకా తోమింది. అందులో ఫిల్టరు నీళ్లు పోసి, ఉప్పు కలిపి, మూత పెట్టి, గాలి బుడగలు పట్టించి ఉంచింది. మరునాడు గాజు గొట్టం పెట్టి చూస్తే ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఆ నీళ్లు తొట్టిలో పోసింది.

మరుసటి పొద్దుకు పువ్వు ముడుచుకుని ఉంది. అది అప్పుడప్పుడు ముడుచుకోవడం మామూలే, లోపలి మురికిని బయటికి వదిలేటప్పుడు అట్లా చేస్తుంది. కానీ సందేళకు కూడా తెరుచుకోలేదు. తీగలు నీళ్లు లేని తోటకూర కాడల్లా వాలిపోయాయి. తర్వాతి రోజు నోరు తెరుచుకుంది. ఎప్పుడూ గట్టిగా మూసుకునే నోరు, లోపలి తెల్లటి కండ కనబడేట్టు వెడల్పుగా తెరుచుకుని ఉంది. ఆ నోరు అట్లా తెరుచుకుంటే పువ్వు చచ్చిపోతోందని అర్థమని అరుణ్ ఎప్పుడో చెప్పాడు.

భాను ఫోన్ చేసింది. అరుణ్ ఒక్కొక్కటే అడిగాడు. ఉప్పు సరిగ్గా ఉంది. వేడి సరిగ్గా ఉంది. మోటారు తిరుగుతోంది, దీపం వెలుగుతోంది. చేప బాగానే ఈదుతోంది. అతనికీ ఏమీ తోచలేదు. మళ్లీ కాసిని నీళ్లు మార్చి చూడమన్నాడు. పల్లవి ఫోన్ అందుకుంది. ఏడుస్తోందని భానుకు తెలిసింది.

మార్చడానికి నీళ్లు కలుపుదామని భాను గంగాళం మూత తీసింది. అడుగున మొన్నటి ఉప్పు నీళ్లు కొంచెం మిగిలి ఉన్నాయి. నీళ్లు నిలిచిన అంచు వెంట చుట్టూ సన్నటి నీలిపచ్చ చార ఉంది. ఆమె వేలితో రాసి వెలుతురులో చూసింది. రంగుల మధ్య పెరిగిన మనిషి. ఆ పచ్చ ఏ పచ్చో ఆమెకు తెలుసు. రాగి నుంచి తీసే మైలుతుత్తం కరిగితే వచ్చే చాయ అది. పరిగి పక్క ద్రాక్ష తోటలకు సున్నంతో కలిపి కొడతారు, ఆకు మీద తెగులు మాడిపోతుంది. కుంటలో పడితే పాచి చస్తుంది. పాచినే చంపేది మెత్తటి ఒళ్లున్న ఆ జీవాన్ని వదులుతుందా?

ఆమె అక్కడే కింద కూర్చుండిపోయింది. గంగాళానికి అంటుకున్న పాత పొర ఉన్నా కొంత కాచేదేమో. ఆ పొరను చింతపండు పెట్టి తీసేసింది తనే.

మళ్లీ ఫోన్ చేసి, ఉప్పు నీళ్లు రాగి గంగాళంలో కలిపినానని చెప్పింది. అదే అయ్యుంటుంది అక్కా అన్నాడు అరుణ్. చేప తట్టుకుంటుంది, పువ్వు తట్టుకోలేదు. ప్లాస్టిక్ డ్రమ్ము వాడమన్నానే గాని రాగి వద్దని చెప్పాలని తనకూ తట్టలేదన్నాడు. బెంగళూరు నుంచి రాగిని పీల్చే గుళికలు తెప్పిస్తానన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ తొట్టిలో రాళ్లు ఇప్పటికే రాగిని తాగి ఉంటాయి. నీళ్లు ఎంత మార్చినా అవి కొంచెం కొంచెంగా వదులుతూనే ఉంటాయి. అందుకని పువ్వు కోలుకుని ప్రయాణం తట్టుకునే స్థితికి రాగానే, రాయి లేకుండా ఒట్టి పువ్వునే తీసి కొత్త తొట్టిలోకి మార్చాలి. ఆ పాత తొట్టి ఇంక పువ్వులకు పనికిరాదు.

భాను కొత్త డ్రమ్ము తెచ్చింది. బొగ్గు సంచి, గుళికల సంచి మోటారు నీళ్లు పారే చోట కట్టింది. రోజూ కొంచెం కొంచెం నీళ్లు తీసి కొంచెం కొంచెం పోసింది. ఒకేసారి మార్చేస్తే ఆ నీరసానికి అది తట్టుకోదు. మేత మానేసింది, మింగే ఓపిక లేనిదానికి పెట్టి లాభం లేదు. గంగాళాన్ని షెడ్డు చూరు కింద బోర్లించింది. ఇన్నేళ్ల పాత్రను దూరం పెట్టావేమని తల్లి అడిగితే, దాని తప్పేమీ లేదమ్మా, నూలుకు మళ్లీ వాడదాం అంది.

ఆ ఆదివారం పల్లవి వచ్చింది. రైలు దిగి నేరుగా వెనక గదిలోకి వచ్చి తొట్టి ముందు కూర్చుంది. భాను ఆమె మొహం చూడలేక పక్కకు తిరిగి నిలబడింది.

"నిన్నెవరూ ఏమీ అనలేదక్కా. ఇటు రా, కూర్చో," అంది పల్లవి.

భాను వచ్చి ఆమె పక్కన కూర్చుంది. తర్వాత షంషాద్‌బీ రాగి సంగటి, పప్పు పెట్టింది. పల్లవి ముద్దను కొరికి తింటుంటే, ఇన్నాళ్లున్నా ముద్దను నమలకుండా మింగడం నేర్వలేదని ఆమె ఎగతాళి చేసింది. బడిలో పిల్లలు తనను "ఏటి టీచరు" అంటున్నారని పల్లవి చెప్పింది. భాను నవ్వింది.

ఆ వారం నుంచి పల్లవి రోజూ ఫోన్ చేసింది. ఆదివారం ఆదివారం వచ్చింది. వచ్చినప్పుడు షెడ్డులో పాత చోటే కూర్చునేది. చిలపల కొస పట్టుకునేది. వెనక గదిలో పువ్వు చావుబతుకుల్లో ఉండగా ఇంత సంతోషంగా ఉండడం తప్పని భానుకు అనిపించేది. అయినా శనివారం నుంచే ఆమె చెవులు రైలు కూతల మీద ఉండేవి.

పువ్వు మెల్లగా తేరుకుంది. ముందు నోరు మూసుకుంది. తర్వాత తీగల్లోకి ఊపిరి పోసినట్టు బలం వచ్చింది. ఒక మధ్యాహ్నం భాను చూసేసరికి దీపం కింద పూర్తిగా విచ్చుకుని ఉంది. చేప అందులో దూరి పడుకుంది. రొయ్య ముక్క పెడితే మునుపటిలా లాక్కుంది.

ఆ సంగతి ఆమె పల్లవికి చెప్పలేదు. శుక్రవారం వీడియో తీసింది గానీ, పొద్దున్నే, దీపం వెలగకముందు తీసింది. వెలుతురు లేనప్పుడు ఏ పువ్వయినా ముడుచుకునే ఉంటుంది. పల్లవి అది చూసి పాపం ఇంకా అలాగే ఉందే అంది, ఆదివారం వస్తానంది. వచ్చే వేళకు భాను దీపం ఆర్పి, నీళ్లు మార్చి, పువ్వును ముడుచుకునేట్టు చేసింది. తర్వాతి శుక్రవారం కూడా పొద్దున్నే వీడియో తీసింది.

ఆ వీడియో తీస్తుంటే పుల్లన్న షెడ్డులోంచి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కాసేపు చూసి, మామూలుగా అడిగాడు:

"భానమ్మా, రంగు పట్టిన నూలును ఇంకా గంగాళంలోనే ఉంచితే ఏమైతాది?"

భాను ఫోన్ దించింది. ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పట్టు మెరుపు పోతుంది, పోగు పెళుసవుతుంది, మగ్గం మీద తెగుతుంది.

"నాకెందుకులే," అన్నాడు పుల్లన్న. "ఆ రాళ్లలో విషముండాదని నువ్వే కదా చెప్పింది." పనికి పోయాడు.

భాను ఆ వీడియో చెరిపేసింది. మధ్యాహ్నం దాకా షెడ్డులో పనిచేసింది. దీపం బాగా వెలిగే వేళకు లోపలికి వచ్చి, పళ్లెమంత విచ్చుకున్న పువ్వును నాలుగు పక్కల నుంచి నిదానంగా వీడియో తీసి పంపింది. కింద ఒక మాట పెట్టింది. పది దినాలుగా బాగానే ఉండాది, నేనే చెప్పలేదు.

ఫోన్ వెంటనే మోగింది.

"ఎందుకు చెప్పలేదక్కా?" అంది పల్లవి.

"చెప్తే తీసుకపోతావు కదా."

పల్లవి మెల్లగా, "ఆదివారం అరుణ్‌ని కారు మాట్లాడమంటాను," అంది.

"కారొద్దు. రోడ్డు కుదుపులకు తట్టుకోలేదు. రైల్లో నేనే తెస్తా."

ఆదివారం పొద్దున దీపం వెలిగించకుండానే భాను తొడుగులు వేసుకుని పనికి దిగింది. పువ్వు ముడుచుకుని ఉన్నప్పుడే పాదం కాస్త వదులవుతుంది. లాగితే పాదం చిరుగుతుంది, చిరిగితే బతకదు. చిన్న మంచు ముక్కను సంచిలో చుట్టి పాదం పక్కన రాతికి ఆనించింది. చలికి పాదం అంచు కొంచెం లేచింది. లేచిన చోట వేలి కొన దూర్చి, అక్కడే ఉంచి ఆగింది. అది జరిగితే వేలు జరిపింది, ఆగితే ఆగింది. పట్టు పోగుల ముడి విప్పినట్టే అనిపించింది. ఎక్కడ లాగాలో కంటే ఎక్కడ లాగకూడదో తెలియాలి. సగం రాతిని వదిలాక అది మళ్లీ పట్టు బిగించింది. భాను చేయి తీయకుండా గోడకు ఆనుకుని నిలబడింది. నడుము లాగింది. షంషాద్‌బీ వచ్చి స్టూలు పెట్టి పోయింది. ఎండ గడప దాటి లోపలికి వచ్చేసరికి పాదం పూర్తిగా విడిపోయి, పువ్వు ఆమె అరచేతిలో బరువుగా, జారుతూ కూర్చుంది.

దాన్ని మందం సంచిలో తొట్టి నీళ్లతో, పైన గాలి ఎక్కువగా ఉంచి కట్టింది. చేపను వేరే సంచిలో కట్టింది. రెంటినీ థర్మోకోల్ పెట్టెలో సర్ది, కదలకుండా పక్కలకు పాత చీర ముక్కలు దోపింది.

రైల్లో పెట్టెను ఒళ్లోనే పెట్టుకుంది. పెనుకొండలో, దర్గాకు వచ్చి తిరిగి పోతున్న ఒక ముసలామె ఎక్కి ఆమె పక్కన కూర్చుంది. అట్లాంటి పెట్టెల్లో పూలు రావడం ఆమెకు తెలుసు.

"పూలా అమ్మా?"

"ఒకటే పువ్వు అవ్వా."

"ఒక పువ్వుకు ఇంత పెట్టెనా? ఎవరికి తీసుకపోతాండావు?"

"మా చెల్లెలికి," అంది భాను. అన్నాక ఆ మాట తన నోట ఎట్లా వచ్చిందో అనుకుంది. రైలు కదిలి, కిటికీ బయట పెనుకొండ కొండ వెనక్కి జరిగిపోయింది. మూత మీద చేయి పెట్టుకుని భాను కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

హిందూపురం స్టేషన్లో పల్లవి, అరుణ్ ఇద్దరూ వచ్చారు. పల్లవి పెట్టె అందుకోబోతే భాను ఇవ్వలేదు. ఇంటికి పోయాక ఇస్తానంది. ఆటోలో పల్లవి ఆమె చేయి పట్టుకుని కూర్చుంది.

కొత్త తొట్టి హాల్లో, కిటికీ ఎండ పడని గోడ పక్కన ఉంది. భాను ముందు చుట్టూ తిరిగి చూసింది. నీళ్లు ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. తర్వాత గాజు గొట్టంతో కూడా చూసుకుంది. ఏ పాత్రలో కలిపావని అరుణ్‌ను అడిగింది. ప్లాస్టిక్ బకెట్‌లో అని అతను చెప్పాక, ఆ బకెట్ తెప్పించి అడుగు తడిమి చూసింది. అప్పుడు పెట్టె మూత తీసింది. సంచిని తొట్టి నీళ్లలో తేలేసి, కొత్త నీళ్లు సన్న గొట్టంతో చుక్క చుక్కగా సంచిలోకి వదిలింది. అన్నం తిందువు రా అక్కా అని పల్లవి పిలిచినా కదల్లేదు.

సంచి నిండాక మోటారు ఆపించింది. చేపను వదిలి, తొడుగులు వేసుకుని, పువ్వును అరచేతిలోకి తీసుకుని నీళ్లలో దించింది. రాళ్ల మధ్య, దీపం నేరుగా పడక పక్కగా పడే సందు ఒకటి ఎంచుకుని, పాదం రాతికి తగిలేట్టు పెట్టి, నీళ్ల తాకిడికి కొట్టుకుపోకుండా రెండు అరచేతులూ చుట్టూ కట్టలా నిలబెట్టింది. పల్లవి పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూస్తోంది.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పాదం అంచు రాతి మీద పరుచుకోవడం కనబడింది. అంచు సందులోకి దూరింది. భాను ఒక చేయి తీసింది. పువ్వు కదల్లేదు.

"పల్లవీ, ఈ పక్క నీ చెయ్యి పెట్టు. తాకొద్దు, ఊరికే అడ్డం ఉంచు."

పల్లవి చేయి పెట్టింది. భాను రెండో చేయి కూడా తీసేసింది. పల్లవి అరచేయి పక్కన పువ్వు ఒక తీగను చాచింది, ఇంకొకటి చాచింది.

"పట్టుకునింది," అంది భాను. "ఇంక నీ చేతికిచ్చినట్టే. ఈ వారం మేత పెట్టొద్దు. వేడి చూస్తాండు. నీళ్లు తగ్గితే మంచినీళ్లే పొయ్యి."

"ఈ పూటకి ఉండిపో అక్కా," అంది పల్లవి, చేయి నీళ్లలోంచి తీయకుండా.

"నూలు నానబెట్టి వచ్చినాను. రేపు ఇస్తానని చెప్పినా."

భాను తొడుగులు తీసి, చేతులు తుడుచుకుని, మోటారు వెయ్యమని అరుణ్‌తో చెప్పింది. నీళ్లు తిరగడం మొదలైంది. పువ్వు రాతిని వదల్లేదు.